నల్లరేగడి బాటకు జిప్సీ వెనక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ వేయించాలా?

ఆదోని పత్తిచేను | మే 26

అందరికీ నమస్కారం. మాది ఆదోని దగ్గర పల్లె. తారు రోడ్డు నుంచి మా చేనికి మూడు కిలోమీటర్ల బండిబాట, అంతా నల్లరేగడి, మధ్యలో ఒక వంక. బండి 2007 మారుతి జిప్సీ, పెట్రోల్.

పోయిన సెప్టెంబరులో చేనిలో ఉండగా మా నాన్నకు జ్వరం ఎక్కువైంది. అప్పుడే వాన మొదలైంది. ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరితే వంక దాటగానే బండి దిగబడింది. ఫోర్ వీల్ వేసే ఉంది. దిగి చూస్తే వెనక ఎడమ చక్రం గాడిలో గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతోంది. కుడి చక్రం గట్టి గడ్డి మీద ఉంది గానీ కదలడం లేదు. ముందు కూడా అదే కథ. పక్క చేను వాళ్ల ట్రాక్టర్ వచ్చి చైను కట్టి లాగేసరికి గంటన్నర పట్టింది. నాన్న సీట్లో వణుకుతూ కూర్చున్నారు. ఆ గంటన్నర ఇప్పటికీ మర్చిపోలేను.

బెంగళూరులో ఒకాయన జిప్సీ అమ్మేస్తూ, తను తెప్పించుకుని వాడని లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి, ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపేది) నాకు ఇస్తానన్నారు. ప్లేట్ల రకం. ఇంకా డబ్బాలోనే ఉంది. నల్లరేగడిలో ఇది పనికొస్తుందా? మన కర్నూలు వైపు దీన్ని బిగించగలవాళ్లు ఉన్నారా? తారు రోడ్డు మీద ఏమైనా ఇబ్బంది వస్తుందా? తీసుకునే ముందు తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా ఇసుక | మే 26

ముందు టైర్ల సంగతి చూడండి అన్నా. రేగడి మన్ను టైరు గాడుల్లో నిండిపోయి నున్నగా రోలర్‌లా అయితే, లోపల ఏ డిఫరెన్షియల్ ఉన్నా ఒకటే. మాది ప్రొద్దుటూరు దగ్గర. పెన్నా ఇసుకలోకి దిగే ముందు నేను టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గిస్తాను, సగం సమస్య అక్కడే పోతుంది. మీ టైర్లు ఏవి?

ఆదోని పత్తిచేను | మే 26

మడ్ టైర్లే అన్నా, రెండేళ్ల కిందట వేయించాను. గాడులు ఇంకా బాగానే ఉన్నాయి. ఆ రోజు గాలి కూడా తీశాను.

లేత్ మిషన్ అనంతపురం | మే 27

తమ్ముడూ, నాకు ఈ పనిలో ఇరవై ఎనిమిదేళ్లు. ఎక్కువగా జీపుల యాక్సిళ్లే చేశాను. నీ బండికి జరిగింది ముందు అర్థమైతే ఏది కొనాలో నీకే తెలుస్తుంది.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ తిప్పే బలాన్ని సమానంగా పంచుతుంది, వేగాలు మాత్రం వేరుగా ఉండనిస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి ఆ ఏర్పాటు. చిక్కు ఎక్కడంటే, బురదలో ఉన్న చక్రం ఎంత తక్కువ పట్టు తీసుకుంటే గట్టి నేల మీది చక్రానికీ అంతే దక్కుతుంది. బురద చక్రం 20 వంతులు మోయగలిగితే గట్టి చక్రానికీ 20 వంతులే. మొత్తం 40. బండి కదలడానికి అది చాలదు. ఫోర్ వీల్ వేసినా ముందు యాక్సిల్‌లో ఇదే లెక్క. అందుకే ముందు ఒకటి, వెనక ఒకటి తిరుగుతూ నాలుగు చక్రాల బండి నిలబడిపోతుంది.

లిమిటెడ్ స్లిప్‌లో రెండు రకాలు ఎక్కువ. హెలికల్ గేర్ల రకం బురద చక్రం మోసేదానికి రెండున్నర, మూడు రెట్లు రెండో చక్రానికి పంపుతుంది. అంటే 20కి 60, మొత్తం 80. దాదాపు చప్పుడు ఉండదు, అరుగుదల తక్కువ. కానీ ఒక చక్రం గాలిలోకి లేస్తే? సున్నాను మూడుతో హెచ్చించినా సున్నానే. అప్పుడు హ్యాండ్ బ్రేకు కొంచెం పట్టి ఆ చక్రానికి కొంత అడ్డు కల్పించాలి.

నీకు దొరికింది ప్లేట్ల రకం. లోపల క్లచ్ ప్లేట్ల కట్ట ఉంటుంది, స్ప్రింగు దాన్ని ఎప్పుడూ కొంత నొక్కి పెడుతుంది. కాబట్టి ఒక చక్రం లేచినా రెండోదానికి ఎంతో కొంత అందుతుంది. మీ వంక గాడులకు ఇదే మేలు. అయితే ప్లేట్లు అరుగుతాయి, ఆయిల్ సరిగ్గా చూసుకోవాలి.

ఆయన్ని ఒక్క మాట అడుగు: అది వన్-వేనా, టూ-వేనా? వన్-వే అంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బిగుస్తుంది. టూ-వే అయితే కాలు తీసినప్పుడు కూడా బిగుస్తుంది. రోడ్డు మీద తిరిగే బండికి వన్-వే, లేదా వన్ పాయింట్ ఫైవ్ (కాలు తీసినప్పుడు కొంచెమే బిగుసుకునేది) చాలు. టూ-వే అయితే వద్దు.

బొలెరో పత్తికొండ | మే 27

ఇంత ఖర్చెందుకు అన్నా, మా ఊళ్లో ఒకాయన జీపుకు డిఫరెన్షియల్ లోపలి స్టార్ గేర్లకు వెల్డింగ్ కొట్టించేశాడు. రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. బురదలో ఆగదు.

లేత్ మిషన్ అనంతపురం | మే 27

దయచేసి ఆ పని ఎవ్వరూ చేయకండి. ఒక లెక్క చెప్తాను. జిప్సీ రెండు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలిదానికన్నా ఎనిమిది మీటర్లకు పైగా ఎక్కువ నడుస్తుంది. ఆ చుట్టు చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే. వెల్డింగ్ కొట్టిన యాక్సిల్‌లో ఆ తేడా ఎటు పోవాలి? టైరు రాసుకుపోవాలి, లేదంటే యాక్సిల్ రాడ్డు మెలి తిరగాలి. మెలి తిరిగి విరిగిన రాడ్లు నా షాపులో మూలకు పడి ఉన్నాయి. అందులో ఒకటి పెళ్లివాళ్లు ఎక్కిన బండిలోది. ఎవరికీ ఏం కాలేదు గానీ, ఆ రాడ్డు చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది.

కేసీ కెనాల్ గట్టు | మే 28

నాది కర్నూలు. రోడ్డు మీద ఇబ్బంది గురించి అడిగారు కదా, నా అనుభవం చెప్తాను. నా జీపులో వెనక లిమిటెడ్ స్లిప్ ఉంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో తడి రోడ్డు మీద ఎక్కువ తొక్కితే ఒక చక్రం జారుతుంది, రెండోది పక్కకు పోకుండా పట్టి ఉంచుతుంది. లిమిటెడ్ స్లిప్‌లో రెండూ ఒకేసారి జారవచ్చు, అప్పుడు తోక పక్కకు తిరుగుతుంది. నంద్యాల రోడ్డులో తొలకరి వాన పడిన రోజు ఒక మలుపులో నాకు జరిగింది. నెమ్మదిగా ఉన్నాను కాబట్టి సర్దుకున్నాను. ఏటవాలు గట్టు మీద అడ్డంగా పోయేటప్పుడు కూడా ఇంతే, వెనక భాగం కిందికి జారుతుంది. బిగించాక కాలు అలవాటు మార్చుకోవాలి అన్నా. ఇంట్లో బండి నడిపే మిగతావాళ్లకు కూడా చెప్పండి.

ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా రాసి ఇవ్వండి. రేపు క్లెయిమ్ దగ్గర మాట రాకుండా ఉంటుంది.

ఆదోని పత్తిచేను | మే 30

ఆయన్ని అడిగాను, వన్ పాయింట్ ఫైవ్ అట. తీసేసుకున్నాను. నా పాత యాక్సిల్ రాడ్డు కొనకు 26 స్ప్లైన్లు, అంటే నిలువు పళ్లు, ఉన్నాయి, ఇందులోనూ 26. పాత రాడ్డు ముక్క ఒకటి తీసుకెళ్లి అక్కడే దూర్చి చూశాను. ఎక్కడా పట్టకుండా, వదులు లేకుండా వెళ్లింది.

లేత్ మిషన్ అనంతపురం | మే 30

మంచి పని చేశావు. చాలామంది పార్టు ఇంటికొచ్చాక స్ప్లైన్లు లెక్కపెడతారు. క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌కు బిగించే పెద్ద పళ్ల చక్రం) కూర్చునే చోట వ్యాసం, బోల్టు రంధ్రాలు, బేరింగు కూర్చునే చోట కొలత కూడా వెర్నియర్‌తో చూసుకో.

బొలెరో తమ్ముడికి కూడా ఇదే చెప్తున్నా. బొలెరో నియోలో ఒక వేరియంట్‌కు కంపెనీ నుంచే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వస్తుంది. రెండు చక్రాల వేగాల్లో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే తనంతట తనే బిగుసుకుంటుంది. దాన్ని తీసి పాత బొలెరోలో పెట్టేస్తామని ఎవరైనా అంటే హౌసింగు, స్ప్లైన్లు, క్రౌన్ వీల్ కొలతలు కలిశాయో లేదో చూపించమని అడుగు. పేరు ఒకటైనంత మాత్రాన పార్టు ఒకటి కాదు.

ఆదోని పత్తిచేను | జూన్ 9

పని మొదలైంది. కర్నూలులో మా మేస్త్రీ దగ్గరే చేయిస్తున్నాను. ఆయన జిప్సీలు చాలా చేశారు గానీ లిమిటెడ్ స్లిప్ ఇదే మొదటిసారి. ముందే ఆ మాట చెప్పారు కాబట్టే నాకు నమ్మకం కుదిరింది. జిప్సీలో ఒక సౌకర్యం ఉంది: డిఫరెన్షియల్ గుండు మొత్తం హౌసింగు ముందు నుంచి ఊడి వస్తుంది. బండి కింద పడుకుని కొలతలు తీయక్కర్లేదు, బల్ల మీద పెట్టి చేసుకోవచ్చు.

నిన్న ఆయిల్ దించాం. అయస్కాంతం ప్లగ్గుకు బూడిద రంగు పేస్టు అంటుకుని ఉంది, ముక్కలు లేవు. బ్రేకు డ్రమ్ములు తీసి, బ్రేకు ప్లేటు వెనక నట్లు విప్పి రెండు వైపులా యాక్సిల్ రాడ్లు లాగాం. కుడి వైపుది మొండికేసింది, స్లైడ్ హ్యామర్ వాడాల్సి వచ్చింది. ఇంజిన్ వైపు నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు రెండు ఫ్లాంజిల మీద ఒక గీత గీశాడు మేస్త్రీ. తిరిగి అదే గీత కలవాలట, లేకపోతే అదురు రావచ్చట.

గుండు బయటికొచ్చాక బేరింగు క్యాపుల మీద పంచితో చుక్కలు కొట్టాడు, ఎడమదానికి ఒకటి, కుడిదానికి రెండు. అవి జతగా బోరు కొట్టినవి, మారిస్తే బేరింగు గుండ్రంగా కూర్చోదని చెప్పాడు. ఇంత చిన్న పనిలో ఇంత శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది.

గుత్తి కోట | జూన్ 9

పినియన్ (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు) కూడా తీస్తున్నారా? నేను చదివిన చోట పినియన్ లోతు సెట్ చేయడమే అన్నిటికన్నా కష్టం అన్నారు.

లేత్ మిషన్ అనంతపురం | జూన్ 9

తీయొద్దు. క్రౌన్ వీల్, పినియన్ పాత జతే ఉంటే, పినియన్ బేరింగులు బాగుంటే పినియన్ జోలికే పోవద్దు. దాని లోతు కంపెనీ పెట్టిన షిమ్ముతో (సన్నని రేకుతో) సెట్ అయి ఉంది. మార్చేది క్రౌన్ వీల్ బిగించే కేజు మాత్రమే. కాబట్టి చూడాల్సినవి రెండే: బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య ఖాళీ), సైడు బేరింగుల బిగువు. జిప్సీలో రెండు వైపులా మరలున్న అడ్జస్టర్లు ఉంటాయి, షిమ్ముల తలనొప్పి లేదు. ఒక వైపు ఎంత వదులు చేస్తే రెండో వైపు అంతే బిగించు, బేరింగు బిగువు మారకుండా క్రౌన్ వీల్ పక్కకు జరుగుతుంది. పినియన్ వైపు జరిపితే బ్యాక్‌లాష్ తగ్గుతుంది, దూరం జరిపితే పెరుగుతుంది. మీ మాన్యువల్‌లో కొలతే ప్రమాణం. చిన్న యాక్సిళ్లకు చాలావరకు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది.

చేత్తో ఊపి చూసి సరిపోయిందని చెప్పేవాళ్లకు పని ఇవ్వకు. డయల్ గేజి పెట్టించు.

ఆదోని పత్తిచేను | జూన్ 11

ఈ రోజు టెన్షన్ పడ్డాం. క్రౌన్ వీల్‌ను కొత్త కేజుకు బిగించి, గుండులో కూర్చోబెట్టి, డయల్ గేజి పెట్టాం. గేజి పుల్ల పన్నుకు నిలువుగా ఆనాలి. పినియన్ కదలకుండా ఒకరు పట్టుకుంటే ఇంకొకరు క్రౌన్ వీల్‌ను సన్నగా అటూ ఇటూ ఆడించాలి. మొదటి చోట 0.12 వచ్చింది. పావు చుట్టు తిప్పితే 0.17, ఇంకో పావుకు 0.23, చివర 0.18.

మేస్త్రీ గేజి తప్పేమో అని మళ్లీ పెట్టాడు, అవే అంకెలు. అడ్జస్టరు తిప్పితే అన్నీ కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి, మధ్యలో తేడా మాత్రం పోవడం లేదు. ఏం చేయాలి?

లేత్ మిషన్ అనంతపురం | జూన్ 11

క్రౌన్ వీల్ కేజు మీద చదునుగా కూర్చోలేదు. తీసి వెనక వైపు వేలితో నిమిరి చూడండి. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది.

ఆదోని పత్తిచేను | జూన్ 11

దొరికింది! రాత్రి తొమ్మిదైనా ఆపలేక ఇప్పుడే రాస్తున్నాను.

తీసి చూస్తే కంటికి ఏమీ కనబడలేదు. మేస్త్రీ కళ్లు మూసుకుని వేలితో నిమిరాడు. ఒక బోల్టు రంధ్రం అంచున ఆగాడు. నన్నూ ముట్టుకోమన్నాడు. పాత బోల్టు విప్పినప్పుడు లేచిన చిన్న ఇనుప మొన, దాని పక్కన ఎండిపోయిన పాత థ్రెడ్ లాక్ జిగురు. ఆవగింజలో సగం కూడా లేదు. ఆయిల్ స్టోన్ మీద నూనె చుక్క వేసి మెల్లగా రుద్దాడు, పెట్రోలుతో కడిగాడు, రంధ్రాలన్నీ గాలి కొట్టి శుభ్రం చేశాడు. మళ్లీ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, చివర టార్క్ పానాతో పూర్తి చేశాడు.

ఇప్పుడు నాలుగు చోట్లా 0.15, 0.16, 0.16, 0.15.

పళ్లు ఎక్కడ ఆనుతున్నాయో తెలియడానికి నీలి రంగు పేస్టు పూసి తిప్పితే ముద్ర పన్ను మధ్యలోనే పడింది. పాత అరుగుదల గుర్తు ఎక్కడ ఉందో అక్కడే. అన్నా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

లేత్ మిషన్ అనంతపురం | జూన్ 12

ఆ మేస్త్రీని వదులుకోకు తమ్ముడూ.

ఇక ఆయిల్. ప్లేట్ల లిమిటెడ్ స్లిప్‌కు మామూలు గేర్ ఆయిల్ పోయొద్దు. తయారీదారు చెప్పిన గ్రేడు, లిమిటెడ్ స్లిప్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే పోయాలి. అందులో ఫ్రిక్షన్ మాడిఫైయర్ ఉంటుంది, లేకపోతే విడిగా కలపాలి. అది లేకపోతే మలుపుల్లో ప్లేట్లు పట్టి వదులుతూ కటకటమంటాయి. ఆయిల్ సీళ్లు రెండూ కొత్తవి వేయించు. పాత సీలు కారితే గేర్ ఆయిల్ పోయి బ్రేకు షూల మీద పడుతుంది. వందల్లో పోయే ఖర్చుకు బ్రేకులతో ఆడుకోకూడదు.

చాలా ముఖ్యమైన మాట. ఇకపై ఒక వెనక చక్రం మాత్రమే జాకీ మీద లేపి ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వేయకండి. ఇదివరకైతే లేచిన చక్రమే తిరిగేది. ఇప్పుడు నేల మీది చక్రానికి కూడా శక్తి పోతుంది, బండి జాకీ మీంచి దూకుతుంది. స్టీరింగు పక్కన ఒక కాగితం మీద రాసి అంటించు. పంక్చరు షాపు కుర్రవాడికి ఇది తెలియదు.

కేసీ కెనాల్ గట్టు | జూన్ 12

పైది నేనూ నొక్కి చెప్తున్నాను. ఇంకోటి, వెనక టైర్లు రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. స్టెప్నీ కొత్తది, రెండోది అరిగింది అయితే ప్లేట్లు నేరుగా పోయే రోడ్డు మీద కూడా రాసుకుంటూనే ఉంటాయి.

ఆదోని పత్తిచేను | జూన్ 16

బండి బయటికొచ్చింది. మేస్త్రీ పనికి 6 వేలు తీసుకున్నాడు. మూడు రోజులు పెట్టిన పనికి అది తక్కువే అనిపించి ఇంకో వెయ్యి చేతిలో పెట్టాను.

నిన్న పొద్దున ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పాను, ఆగి చల్లారనిచ్చి మళ్లీ తిప్పాను. ఇలా తిప్పితే ఆయిల్ ప్లేట్ల మధ్యకు పోతుందని పార్టుతో వచ్చిన కాగితంలో ఉంది. మొదట్లో స్టీరింగు పూర్తిగా తిప్పితే వెనక నుంచి గుర్రుమనే చప్పుడు వచ్చింది, గుండె దడదడలాడింది. ఇరవై నిమిషాల తర్వాత చాలావరకు తగ్గింది. 500 కిలోమీటర్ల తర్వాత ఆయిల్ మార్చమని కూడా అందులోనే రాశారు.

గుత్తి కోట | జూలై 5

అన్నా, వానలు పడ్డాయి కదా. ఏమైంది?

ఆదోని పత్తిచేను | జూలై 21

ఆలస్యానికి క్షమించండి, విత్తనం పనిలో పడిపోయాను. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాను. నల్లగా వచ్చింది, లోహపు పొడి కొంచెం ఉంది. ప్లేట్లు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు అలా వస్తుందని మేస్త్రీ అన్నాడు. ఇప్పుడు చప్పుడు లేదు.

మొన్న ఆదివారం రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి నేను, నాన్న చేనికి బయల్దేరాం. వంక దాటగానే అదే గాడి, అదే చోటు. ఎడమ చక్రం దిగబడింది. నేను ఫోర్ వీల్ వేయలేదు, కావాలనే టూ వీల్‌లో ఉంచాను. మెల్లగా తొక్కితే ఎడమ చక్రం అర చుట్టు జారింది. ఆ తర్వాత కుడి వైపు నుంచి ఎవరో నెట్టినట్టు బండి కదిలింది. వెనక భాగం ఒక అడుగు పక్కకు జారింది, కాలు కొంచెం తీశాను, సర్దుకుని పైకెక్కేసింది.

నాన్నకు యాక్సిల్ మార్చిన సంగతి చెప్పలేదు, ఖర్చు గురించి అంటారని. ఆయన వెనక్కి తిరిగి గాడి వైపు చూశారు, నా వైపు చూశారు. "ఈ తూరి ట్రాక్టర్ పిలవలేదేం రా" అన్నారు. అప్పుడు చెప్పేశాను.

పెన్నా ఇసుక అన్న చెప్పింది కూడా నిజమే. ఇంకో అర కిలోమీటరు లోపల, మోకాలు లోతు బురదలో టైర్లు పూర్తిగా నిండిపోయి బండి ఆగిపోయింది. అక్కడ ఫోర్ వీల్ వేసి, గాలి తగ్గించి, వెనక్కి వచ్చేశాను. ఆ ముక్కకు గ్రావెల్ పోయించడమే దారి. పక్క చేల వాళ్లతో మాట్లాడాను, వచ్చే వేసవిలో తలా రెండు ట్రిప్పులు తోలిద్దామన్నారు.

పెన్నా ఇసుక | జూలై 21

చదువుతుంటే సంతోషంగా ఉంది అన్నా. నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది?

ఆదోని పత్తిచేను | జూలై 22

బాగున్నారు అన్నా. ఈ రోజు ఆయనే నడిపారు. జాకీ సంగతి రాసిన కాగితం చూసి, అది వానకు తడిసిపోతుందని తన మనవడి స్కూల్ పుస్తకం అట్టకు వేసే ప్లాస్టిక్ తెచ్చి దాని మీద అంటించారు.

బొలెరో పత్తికొండ | జూలై 23

లేత్ అన్నా, ఆ వెల్డింగ్ జీపు ఆయనకు మీ ఎనిమిది మీటర్ల లెక్క చెప్పాను. నేల మీద గీసి చూపించమన్నాడు, గీసి చూపించాను. వచ్చే వారం మీ దగ్గరికి తీసుకొస్తాను, పాత డిఫరెన్షియల్ ఏదైనా చూసి పెట్టండి.

లేత్ మిషన్ అనంతపురం | జూలై 23

తీసుకురా తమ్ముడూ. ఒకటి ఉంది, పళ్లు బాగున్నాయి. వచ్చేటప్పుడు యాక్సిల్ రాడ్లు రెండూ విప్పి తెండి. స్ప్లైన్ల దగ్గర మెలిక పడి ఉంటే అవి కూడా మార్చాల్సిందే.